తోట ఆసామిది, దుప్పి సర్కారుది

నూజివీడు, మైలవరం వైపు మెట్టలో ఒక మామిడి తోటకు మీరు మేనేజరు, ఆసామి అమెరికాలో ఉంటాడు అనుకుందాం. ఏదో ఒక ఆదివారం పొద్దున ఇలాంటి ఫోను రావచ్చు. ఆయన టెక్సాస్‌లో ఎవరిదో పశువుల రాంచికి వెళ్ళొచ్చి ఉంటాడు. సాయంత్రం వరండాలో కూర్చుంటే ఎదురుగా జింకలు దిగి మేత తినడం చూసి ఉంటాడు. తనకూ ఇక్కడ తోట, దాని వెనక అయిదారెకరాల బీడు, ఆ వెనక కొండ ఉన్నాయని గుర్తొచ్చి ఉంటుంది. "మన వెనక బీడులో జింకలు తిరిగేట్టు చేద్దామండీ. ఇక్కడ చాలామంది చేస్తున్నారు. ఎంతవుతుందో లెక్క వేసి పెట్టండి" అంటాడు.

"అలాగే సార్" అనేసి ఫోను పెట్టేయడం మనకు అలవాటు. ఈ పనికి మాత్రం ఆ మాట ఓ రెండు రోజులు ఆపండి. చేయకూడని పనేమీ కాదిది. పద్ధతిగా చేస్తే బీడు బాగుపడుతుంది, మీ ఉద్యోగానికీ విలువ పెరుగుతుంది. కానీ ఆయన అక్కడ చూసింది చూసినట్టుగా ఇక్కడ దింపితే, వచ్చే కేసు అమెరికా దాకా పోదు. తోటలో ఎవరుంటే వాళ్ళ మీదకొస్తుంది. ఉండేది మీరే.

ముందు ఆయన చూసిందేమిటో తెలుసుకుంటే ఆయనతో మాట్లాడడం సులువవుతుంది. టెక్సాస్‌లో వేట చట్టబద్ధం. తెల్లతోక జింకకు సీజను ఉంది, లైసెన్సు ఉంది. అయితే ఆ జింక అక్కడ కూడా భూమి యజమాని సొత్తు కాదు, ప్రజలది. ఆయనకున్నది భూమి, ఆ భూమిలోకి వేటగాళ్ళను రానిచ్చి డబ్బు తీసుకునే హక్కు. మన చుక్కల దుప్పినీ, కృష్ణజింకనీ 1932లో అక్కడికి పట్టుకెళ్ళి వదిలారు. అవి పరాయి జంతువుల లెక్కలో ఉన్నాయి కాబట్టి వాటికి సీజను కూడా లేదు. మీ ఆసామి వరండాలోంచి చూసినవి మన దుప్పులే అయ్యుండొచ్చు!

ఇంకో సంగతి. అక్కడ పొలం మీద పన్ను తగ్గించుకోవడానికి వన్యప్రాణి నిర్వహణ అనే వెసులుబాటు ఉంది. 1995లో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణతో వచ్చింది. స్థానిక జంతువుల కోసం ఏడు రకాల పనుల్లో కనీసం మూడు చేయాలి: ఆవాసం బాగుచేయడం, నేల కోత ఆపడం, నీళ్ళు పెట్టడం, చాటు కల్పించడం, లెక్క తీయడం, మేత వేయడం, వేటాడే జంతువుల్ని అదుపు చేయడం. నన్నడిగితే ఇందులో మొదటి అయిదూ మన మెట్టకు భేషుగ్గా పనికొస్తాయి. చివరి రెండూ ఇక్కడ జైలుదారి. ఆసామితో మాట్లాడేటప్పుడు ఈ గీత గుర్తుంటే చాలు, సగం వాదన తగ్గుతుంది.

ఎందుకు జైలుదారో చూడండి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో వేట అనే మాటకు తుపాకీ పేల్చడం ఒక్కటే అర్థం కాదు. పట్టడం, ఉచ్చు పన్నడం, బోను పెట్టడం, తరమడం, ఎర వేయడం, వీటిలో ఏదైనా చేయబోవడం కూడా వేటే. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా శిక్ష, 2022 సవరణ తర్వాత పాతిక వేలకు తగ్గని జరిమానా. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చుక్కల దుప్పి రెండో షెడ్యూలులో ఉంది. దానికి మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కేసు ఎంతకాలం నడుస్తుందో తెలియాలంటే రాజస్థాన్‌లో సినిమా నటుడి కృష్ణజింక కేసు తలచుకోండి. సంఘటన 1998లో జరిగితే కింది కోర్టు తీర్పు వచ్చింది 2018లో. ఆయనకు లాయర్లున్నారు. నెల జీతం మీద బతికేవాడు అన్నేళ్ళు కోర్టు చుట్టూ తిరగలేడు.

మేత వేయడం ఎర వేయడమేనా అని ఆసామి వాదించవచ్చు. చంపే ఉద్దేశం లేదు కదా అంటాడు. నిజమే, కోర్టులో ఆ వాదన నిలబడుతుందేమో కూడా. కానీ రోజూ ఒకే చోట, ఒకే వేళకు మొక్కజొన్న పోస్తే దుప్పికి అలవాటవుతుంది. ఆ అలవాటు మీకు తెలిసినట్టే తలలైటు పెట్టుకుని తిరిగేవాడికీ తెలుస్తుంది. అతను ఒక రాత్రి వచ్చి పని కానిస్తే, పొద్దున ఫారెస్టువాళ్ళకు కనిపించేది మీ మేత కుప్ప. అదీగాక పది జంతువులు మూతులు కలిపి తింటే రోగం అంటుకుంటుంది. టెక్సాస్‌లోనే జింకలకు మెదడును తినేసే ఒక మందులేని జబ్బు 2012లో బయటపడింది. ఆ తర్వాత మూడేళ్ళకు జింకల్ని పెంచే ఫారంలోనూ కనిపించింది. అక్కడివాళ్ళే ఇప్పుడు మేత డబ్బాల గురించి తర్జనభర్జన పడుతున్నారు.

దుప్పుల్ని కొనుక్కొచ్చి వదులుదామని అంటే ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి. అడవి జంతువు సర్కారు ఆస్తి. కొనడం, అమ్మడం, దడి కట్టి ఉంచడం ఏదీ కుదరదు. ప్రదర్శనకు పెట్టాలంటే కేంద్ర జూ అథారిటీ గుర్తింపు కావాలి, తోటలకు అది రాదు.

సరే, చేయదగ్గ పని దగ్గరికొద్దాం. మొదటి అడుగు జేసీబీ కాదు, సర్వే. తోట వెనక బీడు అని మనం వాడుకగా పిలిచేదాంట్లో ఎంత పట్టా భూమి, ఎంత పోరంబోకు, రిజర్వు ఫారెస్టు సరిహద్దు రాళ్ళు ఎక్కడున్నాయి? ఏళ్ళ తరబడి మన గేదెలు తిరిగినంత మాత్రాన అది మనది కాదు. అటవీ చట్టం, 1967 కింద రిజర్వు ఫారెస్టులో కంప నరకడం కూడా నేరమే. మండల సర్వేయరుతో కొలిపించి, బీట్ ఆఫీసర్ని కూడా పక్కన నిలబెట్టుకుని రాళ్ళు చూపించుకోండి. అదే రోజు ఆయన్ని ఇంకో మాట అడగండి: ఈ చుట్టుపక్కల అసలు దుప్పులున్నాయా? చాలాచోట్ల ఉండవు. ఉండేది అడవి పంది, కుందేలు, నక్క, నెమలి. అలాంటి చోట ఎంత గడ్డి పెంచినా దుప్పి ఆకాశంలోంచి ఊడిపడదు. ఆ సంగతి ఖర్చు పెట్టక ముందే ఆసామికి చెప్పడం మీ ధర్మం. కుందేళ్ళకూ నెమళ్ళకూ చోటిచ్చినా పుణ్యమే, ఆయనకు ఇష్టమైతే.

ఉన్నాయని తేలితే అప్పుడు కూడా ఆవాసం కంటే ముందు తోటలోని ప్రమాదాలు తీసేయండి. నా లెక్కలో ఇదే అసలు పని. కొత్తగా ఒక చెట్టు నాటకపోయినా ఇవి చేస్తే చాలా జంతువులు బతుకుతాయి. పాత నేలబావి ఒకటి ప్రతి మెట్ట తోటలోనూ ఉంటుంది. బోరు పడ్డాక దాన్ని ఎవరూ పట్టించుకోరు. చుట్టూ కంప పెరిగి నోరు కనిపించదు. కుక్కలు తరిమితే దుప్పి కంప మీంచి ఎగిరి నేరుగా అందులో పడుతుంది. పూడ్చగలిగితే పూడ్చండి, లేదంటే నడుమెత్తు పిట్టగోడ కట్టించండి. రాళ్ళు తోటలోనే ఉంటాయి, కూలి ఖర్చే.

రెండోది ఎవరికీ తట్టనిది, ఎరువుల నీళ్ళు. డ్రిప్పులో వదలడానికి యూరియా కలిపిన తొట్టి మూత లేకుండా షెడ్డు పక్కన ఉంటుంది. పని అయ్యాక అడుగున రెండు బిందెల నీళ్ళు మిగులుతాయి. ఎండాకాలం రాత్రి దాహంతో వచ్చిన దుప్పికి మంచినీళ్ళ తొట్టికీ దీనికీ తేడా తెలియదు, ఉప్పదనానికి ఇష్టంగా కూడా తాగుతుంది. నెమరువేసే జంతువు కడుపులో యూరియా అమ్మోనియాగా మారి గంటల్లో ప్రాణం తీస్తుంది. మీ గేదెకైనా అంతే. తొట్టికి మూత పెట్టించండి, మిగిలిన నీళ్ళు చెట్ల పాదుల్లో పోయించండి, చిరిగిన యూరియా బస్తా వరండాలో వదలకండి. ఎలుకల మందు కలిపిన నూకలు గట్ల మీద చల్లడం మానిపించి, కన్నాల లోపల పెట్టి మట్టి కప్పమనండి.

కంచె సంగతి. ముళ్ళతీగ అయిదు వరసలు బిగించి కడితే దుప్పి పిల్లలు కింద ఇరుక్కుంటాయి, పెద్దవి పై తీగకు కాళ్ళు తగిలించుకుంటాయి. బీడు వైపు కంచె వరకు అట్టడుగు తీగ ముళ్ళు లేనిది వేసి నేలకు అడుగున్నర ఎత్తులో ఉంచండి. పై తీగ కూడా నున్నటిదే, మూడున్నర అడుగులు దాటకుండా. దొంగల భయం ఉన్న రోడ్డు వైపు మీ ఇష్టం. ఎట్టి పరిస్థితిలోనూ బోరు లైనుకు కొక్కెం వేసి కంచెకు కరెంటు పెట్టనివ్వకండి. పందుల కోసమని పెట్టిన తీగకు తెల్లవారుజామున బహిర్భూమికి వెళ్ళిన మనిషి తగిలి పోయిన వార్తలు మన జిల్లా పేజీల్లో చదువుతూనే ఉంటాం. సోలార్ కంచె వేరు, అది ఆగి ఆగి చిన్న దెబ్బ కొడుతుంది. మంచి కంపెనీది, బిల్లున్నది కొనిపించండి. బజారులో కట్టిచ్చే డబ్బాలు వద్దు.

ఇక కుక్కలు. చిరుతపులి మన మెట్టల్లో అరుదు. దుప్పి పిల్లల పాలిట యముడు ఊరకుక్కే. దాన్ని చంపడం కూడా చట్టం ఒప్పుకోదు. చేయగలిగింది ఏమిటంటే, కాపలా కుక్కల్ని రాత్రి కట్టేయించాలి, కోళ్ళ షెడ్డు వ్యర్థాలు, పెళ్ళి భోజనాల మిగులు తోట వెనక పారబోయకుండా చూడాలి. 2023 నాటి నిబంధనల ప్రకారం కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. పంచాయతీకి ఒక అర్జీ పెట్టి నకలు ఉంచుకోండి. తిండి దొరకని చోట కుక్కల మంద నిలవదు.

ఇవయ్యాక గడ్డి. చుక్కల దుప్పికి కావలసింది చిక్కటి అడవి కాదు. ఒక పక్క చెట్ల నీడ, పక్కనే పొట్టి పచ్చగడ్డి, దగ్గర్లో నీళ్ళు. ఈ మూడూ కలిసే అంచు దానికి ఇష్టం. కృష్ణజింకకు అయితే ఇంకా బయలు కావాలి, చుట్టూ చూపు ఆనాలి. మన బీళ్ళలో ఆ బయలునే సర్కారు తుమ్మ మింగేసింది. మీ ఆసామికి చెప్పండి, టెక్సాస్‌లో రాంచివాళ్ళు తిట్టుకునే మెస్కీట్ దీనికి దగ్గర చుట్టమేనని. నవ్వుకుంటాడు, వెంటనే అర్థమవుతుంది కూడా.

ఈ తుమ్మను మొదలుకు నరికితే పదింతలు చిగురిస్తుంది. వానలు పడి నేల మెత్తబడ్డాక వేళ్ళతో లాగేయించాలి. కాయ పండి రాలకముందే ఆ పని కావాలి, ఎందుకంటే కాయ తిన్న గేదె పేడలోంచి గింజ మళ్ళీ మొలుస్తుంది. అయిదెకరాలూ ఒకేసారి చదును చేయించకండి. అదే అందరూ చేసే తప్పు. చదును చేసిన నేలలో దుప్పికి చాటుండదు, తొలకరికి పైమట్టి కొట్టుకుపోతుంది, వయ్యారిభామ లేస్తుంది. మొదటి ఏడాది పట్టీలుగా మూడో వంతు తీయండి. నల్లతుమ్మ, రేగు, మారేడు, వెలగ, మేడి, నేరేడు, ఉసిరి, ఏది కనిపించినా కర్రకు ఎర్ర గుడ్డ కట్టి పక్కన పాతించండి, లేకపోతే జేసీబీ డ్రైవరుకు అన్నీ ఒకటే. రేగుపండు, మేడిపండు, ఉసిరికాయ దుప్పి నేలమీంచి ఏరుకు తింటుంది. నీరు, భూమి, చెట్ల చట్టం 2002 నుంచి ఉంది. పట్టా భూమిలోనైనా ఏ చెట్టు కొట్టడానికి అనుమతి కావాలో, దేనికి అక్కర్లేదో రేంజి ఆఫీసులో అడిగి కాగితం మీద తెచ్చుకోండి.

తీసిన పట్టీల్లో గడ్డి విత్తనం కొనక్కర్లేదు. ఒక వానాకాలం పశువుల్ని ఆపితే గరిక దానంతటదే అల్లుకుంటుంది. ఆసామి ఇంటర్నెట్‌లో చూసి ఏదో విదేశీ గడ్డి పేరు చెబితే సున్నితంగా వద్దనండి. నేపియర్ లాంటి ఎత్తు గడ్డి కోసుకుని గేదెలకు వేయడానికి బాగుంటుంది, దుప్పికి కాదు. కార్తీకంలో గడ్డి గింజ రాలాక సగం బీడు కోయించండి, సగం అలాగే వదలండి. కోసిన సగంలో పొట్టి చిగురు వస్తుంది, వదిలిన సగంలో తల్లి పిల్లను దాస్తుంది.

పిల్ల మాట ఇక్కడే చెప్పాలి. దుప్పి పిల్లను గడ్డిలో పడుకోబెట్టి తల్లి దూరంగా మేస్తుంది. పిల్ల కదలదు, అరవదు, మనిషి పక్కకొచ్చినా చెవులు కిందికి వాల్చి నేలకు కరుచుకుపోతుంది. చూసినవాళ్ళు పాపం తల్లి లేదనుకుని ఎత్తుకొస్తారు, గేదె పాలు పోస్తారు, అది పారుకుని చస్తుంది. గడ్డి కోసే ముందు రోజు సాయంత్రం ఇద్దరు మనుషులు వరసగా నడిచి చూడాలి. కోత మధ్యలో మొదలుపెట్టి అంచులకు రావాలి, అప్పుడు లోపలున్నది బయటికి పోగలుగుతుంది. అంచుల నుంచి లోపలికి కోసుకుంటూ వస్తే చివరి ముక్కలో చిక్కుకుంటుంది. పిల్ల కనిపిస్తే ఆ చుట్టూ నాలుగైదు గజాలు వదిలేసి వెళ్ళిపోండి. గాయం ఉంటేనే బీట్ ఆఫీసర్‌కి ఫోను.

నీళ్ళ గుంట పెద్దదక్కర్లేదు. అటవీశాఖ అడవుల్లో కట్టే సాసర్ పిట్ చూశారా? పళ్ళెంలా పల్లంగా ఉండే సిమెంటు గుంట. పది అడుగుల వెడల్పు, మధ్యలో అడుగున్నరకు మించని లోతు, అన్ని వైపులా ఏటవాలు. పిల్ల దిగినా ఎక్కగలగాలి, అదొక్కటే సూత్రం. నిలువు గోడల సిమెంటు తొట్టి కట్టిస్తే ఉడుతలూ తొండలూ మునిగి చచ్చి నీళ్ళు కుళ్ళుతాయి. షెడ్డుకూ రోడ్డుకూ దూరంగా, చెట్ల నీడకు దగ్గరగా పెట్టించండి. మాఘం నుంచి తొలకరి దాకా నింపితే చాలు. వారానికోసారి పాత నీళ్ళు తోడేసి అడుగు రుద్దించాలి, ఈ పని ఎవరిదో పేరు రాసి పెట్టకపోతే ఎవరూ చేయరు. బోరు మోటారు నుంచి పైపు వేయిస్తే మధ్యలో ఒక వాల్వు పెట్టించండి, ఎరువు కలిపే లైనుతో అది కలవకూడదు.

నేల కోత ఆపడానికి కొండవాలుకు అడ్డంగా రాతికట్టలు, చిన్న కందకాలు తవ్వించవచ్చు. ఇది తోటకే లాభం, ఆసామిని ఒప్పించడం తేలిక. నిప్పు సంగతి ఇంకా తేలిక. శివరాత్రి లోపల బీడుకూ కొండకూ మధ్య రెండు గజాల వెడల్పున ఆకులూ ఎండుగడ్డీ ఊడ్చి గీత చేయించండి. బీడీ ముక్క పడినా అక్కడే ఆగుతుంది.

పశువుల్ని పూర్తిగా ఆపలేం, ఊరితో తగువవుతుంది. మీ తోట గేదెలకూ, ఆ దారిన వచ్చే మందలకూ గాలికుంటు టీకా వేయించండి. జింక జాతికీ ఆ జబ్బు వస్తుంది. 2019 నుంచి కేంద్ర పథకం కింద ఆరు నెలలకోసారి ఉచితంగా వేస్తున్నారు. మేకలకు పారుడు రోగం టీకా కూడా. పశువుల డాక్టరుకు ఒక పూట మీ షెడ్డు దగ్గర కుర్చీ వేసి, చుట్టుపక్కల మందలన్నిటినీ అక్కడికే రమ్మంటే ఊళ్ళో మీకు మంచి పేరు కూడా.

ఆ మంచి పేరు మీకు అవసరమవుతుంది. బీడు బాగుపడిందంటే వచ్చేది దుప్పి ఒక్కటే కాదు, అడవి పంది కూడా. మీ చాటులో పడుకుని పక్కవాడి మొక్కజొన్న తవ్వుతుంది. కర్నూలు వైపు రోళ్ళపాడులో ఇదే జరిగింది. బట్టమేకపిట్ట కోసం 1988లో ఆ అభయారణ్యం పెట్టారు. రక్షణలో కృష్ణజింకలు పెరిగాయి, చుట్టూ పొలాల మీద పడ్డాయి, రైతుల మనసు విరిగింది. బట్టమేకపిట్ట ఇప్పుడు అక్కడ కనిపించడమే లేదు. తెలంగాణలో నారాయణపేట జిల్లా కృష్ణాతీరపు రైతులూ కృష్ణజింకల మందల గురించి మొరపెట్టుకుంటూనే ఉన్నారు. కాబట్టి పని మొదలుపెట్టే ముందే సరిహద్దు రైతుల్ని నలుగురినీ కూర్చోబెట్టి టీ ఇప్పించి చెప్పండి. మీ బీడు వైపున్న వాళ్ళ గట్టుకు సోలార్ కంచె ఖర్చు ఆసామి పెట్టుకుంటాడా అని ముందే అడిగి ఉంచండి. ఆయన కుదరదంటే, నా సలహా, ఈ పనే వద్దనండి. పక్క రైతు కడుపు మండితే ఉచ్చు పడుతుంది. ఆ ఉచ్చు ఎవరు పెట్టారన్న విచారణ మీ తోటలోనే మొదలవుతుంది.

ఉచ్చులంటే క్లచ్ వైరుతోనో బైండింగ్ తీగతోనో చేసిన ముడులు. జంతువులు రోజూ నడిచే సన్నటి బాటలో, కంచె కింద సందుల్లో, మోకాలెత్తున కనిపించీ కనిపించకుండా వేలాడుతుంటాయి. వారానికి రెండుసార్లు కాపలా మనిషి సరిహద్దు చుట్టి రావాలి. దొరికితే ముందు ఫోటో, తర్వాత బీట్ ఆఫీసర్‌కి ఫోను, ఆయన చెప్పాక తీయడం. నేల మీద గోధుమపిండి ముద్దలాగానో మాంసం ముద్దలాగానో ఏదైనా అనుమానంగా కనిపిస్తే చేత్తో ముట్టొద్దని కూలీలందరికీ చెప్పండి, పందుల కోసం పెట్టే నాటుబాంబులు అలాగే ఉంటాయి. తోటలో దుప్పి చచ్చిపడి ఉంటే? కుక్కలు చంపినా, దానంతటది చచ్చినా అది సర్కారుదే. కోసి పంచుకుంటే వేటాడినట్టే లెక్క. కబురు నలభై ఎనిమిది గంటల్లో అందించాలని చట్టం. మీరు అన్ని గంటలు ఆగకండి, అప్పుడే చెప్పండి. రాలిన కొమ్ము దొరికినా గోడకు కొట్టడానికి ఆసామి కారులో పెట్టకండి, ఆఫీసులో అప్పగించండి.

మీ తోట మెట్టలో కాక పల్లంలో, కైకలూరు చెరువుల మీదో, కోడూరు వైపు రొయ్యల గుంటల మీదో ఉంటే దుప్పి మాట మరిచిపోండి. కాలవల నీళ్ళొచ్చి వరి, తర్వాత చేపలు ఆ నేలను ఎప్పుడో తీసుకున్నాయి. అక్కడ మీకు ఎదురయ్యేది బావురుపిల్లి, నీటికుక్క. బావురుపిల్లి కూడా మొదటి షెడ్యూలే. 1989లో ప్రకటించిన కృష్ణా అభయారణ్యం మడల్లో అది బతుకుతుంది, రాత్రిళ్ళు చెరువు గట్ల మీదికొస్తుంది. దాని కోసం గట్టు మూలల్లో తుంగ, రెల్లు కొంత వదలండి, చచ్చిన చేపల్లో మందు కలిపి పెట్టనివ్వకండి. అది ఎలుకల్ని కూడా తింటుంది, గట్టు కన్నాలు పడకుండా అదీ ఒక లాభం. కొల్లేరు అయిదో కాంటూరు లోపలైతే గుంట తవ్వే ముందే లాయరును అడగండి.

ఇదంతా చేయడానికి ఆసామితో మాట కాగితం మీద ఉండాలి. ఫోనులో ఒప్పుకున్నది వాట్సాప్‌లో రాసి పంపండి. ఇలాగ: "సార్, మీరు చెప్పిన బీడు పని మొదలుపెడుతున్నాం. సర్వే, బావి పిట్టగోడ, కంచె మార్పు, తుమ్మ తీయడం, నీళ్ళ గుంట ఈ ఏడాది చేస్తాం. మేత వేయడం, జంతువుల్ని కొనడం, పట్టడం, రాత్రి లైట్లతో చూపించడం చట్టంతో చిక్కు, అవి చేయం. పక్క రైతుల కంచె ఖర్చు మీరు భరిస్తామన్నారు." ఆయన "ఓకే" అని కొట్టిన ఆ ఒక్క మాట ఫోటో తీసి దాచుకోండి. ఎదురు చెప్పానని ఉద్యోగం పోతుందేమోనని భయపడతారు. తుపాకీ తెచ్చుకుంటానని పట్టుబట్టే ఆసామి దగ్గర ఆ ఉద్యోగం ఎలాగూ నిలవదు. మిగతావాళ్ళు ఎందుకో విడమరిచి చెబితే వింటారు.

నెలకోసారి, ఒకే తారీఖున, ఒకే బాటలో తెల్లవారుజామున నడిచి గిట్టల గుర్తులు, పెంటికలు, కంటబడ్డ జంతువులు ఒక నోట్‌బుక్కులో రాయండి. ఆయనకు పంపడానికి అదే మంచి నివేదిక. ఏమీ కనిపించని నెల ఏమీ లేదనే రాయండి. ఫోటో తీస్తే ఫోనులో లొకేషన్ ఆపేసి తీయండి, స్టేటస్‌లో పెట్టకండి, కూలీల గ్రూపుల్లోనూ వద్దు. మీ ఫోటో ఏ ఊళ్ళో ఎవరి ఫోనులో తేలుతుందో మీకు తెలియదు. కొత్త మామిడి అంట్లు వేస్తే మొదటి మూడేళ్ళూ ఒక్కోదానికీ కంప చుట్టించండి. లేకపోతే దుప్పి చిగురు కొరికిందని ఆయనే ఫోను చేసి మిమ్మల్ని తిడతాడు.

సంక్రాంతికి ఆయన పిల్లలతో దిగుతాడు, అర్ధరాత్రి జీపులో లైట్లేసుకుని వెళ్దామంటాడు. వద్దనండి. అయిదింటికి లేపి, కాఫీ ఫ్లాస్కులో పోసుకుని, గాలి మన మొహానికి వీచే వైపు నుంచి గుంటకు వంద గజాల దూరంలో చెట్టు కింద కూర్చోబెట్టండి. డ్రోన్ తెచ్చుకుంటే గెస్ట్‌హౌస్‌లోనే వదిలి రమ్మనండి. జీతం పెంచమని అడగడానికి కూడా అదే మంచి పూట, నోట్‌బుక్కు చేతిలో పెట్టి అడగండి.